తిట్టుకు వేరు, నారుకు నీరు

ఆ బుధవారం పొద్దున కాశీరాం అనుకున్న పనులు నాలుగే. స్నానం, తులసికోటకు చెంబెడు నీళ్లు, భాగవతంలో ఒక పేజీ, ఆ తర్వాత కాలువ బంగళాకు పోయి ఓవర్సీరు చేత తూము ఎత్తే హుకుం రాయించుకోవడం. మొదటి మూడూ దేవుడితో పనులు కనుక సజావుగానే జరిగిపోయాయి.

నారుమడిలో నారు ముప్ఫై రోజులది. పునర్వసు కార్తె సగమైనా బాన్సువాడలో చినుకు పడలేదు. పైన ఎక్కడో కురిసిన వానకు మంజీర పొంగి నిజాంసాగర్ నిండింది, కాలువ కళకళలాడుతూ పారుతోంది. కానీ కాశీరాం మడి వైపు తూముకు మాత్రం తాళం వేసి ఉంది. తాళం తీయాలంటే ఓవర్సీరు కాగితం కావాలి. సోమవారానికైనా నాటు పడకపోతే నారు ముదిరి పశువుల మేతకు తప్ప దేనికీ పనికిరాదు. శుక్రవారం నాటుకు రమ్మని తండా గౌరీబాయికి కబురు కూడా పంపాడు. ఆమె వెంట పదిమంది ఆడవాళ్లు వస్తారు.

ఓవర్సీరు రామబ్రహ్మం బందరు వైపు మనిషి. పని తెలిసినవాడు, కాఫీ తాగేవాడు, ఓపిక కొంచెం తక్కువ. దరఖాస్తు కాగితమంతా తనే నింపి, అడుగున పేరు రాయమని కాశీరాం చేతికి కలం ఇచ్చాడు. కాశీరాంకు ఒక అలవాటు ఉంది. ఏ కాగితం మీద కలం పెట్టినా ముందు పైన ‘శ్రీరామ’ అని రాయనిదే చెయ్యి కదలదు. కాగితం పైన సర్కారు వారు ఆఫీసు నంబరు కోసం ఒక గడి కొట్టి పెట్టారు. కాశీరాం సరిగ్గా ఆ గడిలోనే శ్రీరామ రాశాడు.

రామబ్రహ్మం ఆ కాగితం చింపి ఇంకొకటి నింపాడు. కాశీరాం మళ్లీ రాశాడు.

"ఏమయ్యా, ఇది ఆఫీసు కాగితమా, రామకోటి పుస్తకమా?"

"దేవుని పేరు లేని కాయితం మీద చెయ్యి పెడితే చెయ్యి వణుకుతది దొరా."

"వణికితే వణకనీ! కింద రాయి, కింద!"

మూడో కాగితం మీద కాశీరాం కింద రాయాలనే గట్టిగా అనుకున్నాడు. కానీ నలభై ఏళ్ల చెయ్యి, మనసు మాట వినలేదు.

"డన్స్!" అని అరిచాడు రామబ్రహ్మం. సిరాబుడ్డి ఎగిరి పడింది. "ఉన్న కాగితాలు మూడే. అయిపోయాయి. రేపు పెద్దాఫీసు నుంచి కొత్తవి వస్తాయి. రేపు రా!"

"మంచిది దొరా" అని కాశీరాం దండం పెట్టి బయటకు వచ్చాడు. మనసుకేమీ కష్టం వెయ్యలేదు. తిట్టని అధికారిని అతను ఇంతవరకు చూడలేదు. తిట్టినా పని చేసిపెట్టేవాడు దొరకడమే పుణ్యమని అతని నమ్మకం.

కష్టమంతా వరండాలో నిలబడ్డ బావమరిది నర్సింలుకు వేసింది. నర్సింలుకు మడి లేదు, తీరిక మాత్రం ఉంది. బంగళాలో గోడ గడియారం గంట కొడితే వినడానికి వచ్చాడు.

"బావా, గాయన నిన్ను తిట్టిండు."

"తిట్టనీయి. రేపు కాయితం ఇస్తనన్నడు."

"ఏమని తిట్టిండో ఎరుకైందా?"

"ఇంగ్లీషుల అన్నడు. నాకేం ఎరుక?"

"ఎరుక లేని తిట్టు గట్లనే మింగుతవా? లోపటికి పోయినంక అది ఏం జేస్తదో ఏమో!"

"నర్సింలూ, నీకు దండం పెడత. నువ్వు ఇంటికి పో."

నర్సింలు ఇంటికి పోలేదు. బజారు మీదుగా కులపెద్ద బసవయ్య ఇంటికి పోయాడు.

సాయంత్రం బసవయ్య అరుగు మీద పదిహేనుమంది చేరారు. వాళ్ల కులకట్టు పాతది. తిట్టు అంటే ఊరికే తిట్టు కాదు, అది ఎవరిని తాకిందో తూకం వేయాలి. మనిషినే తాకితే ఒక కొబ్బరికాయతో సరి. తల్లిదండ్రులను తాకితే తిట్టినవాడు కాళ్లు పట్టుకోవాలి. గురువును తాకితే తిట్టినవాడు ఒకరోజు పొద్దు పొడిచినప్పటి నుంచి పొద్దు గూకేదాకా ఒళ్లు వంచి సేవ చేయాలి. తూకం తేలేదాకా తిట్టు తిన్నవాడు తిట్టినవాడి గడప తొక్కకూడదు, వాడి ఇంటికి ఏదీ పంపకూడదు. తొక్కితే తిట్టు ఒప్పుకున్నట్టే. ఒప్పుకున్నవాడికి కులభోజనంలో విస్తరి ఉండదు.

కాశీరాం ముందుకు జరిగాడు. గడప తొక్కకపోతే కాగితం ఎట్లా? కాగితం లేకపోతే నీళ్లెట్లా?

"బసవయ్య తాతా, నాకు తూకం వద్దు. నాకు నీళ్లు కావాలె."

"తిట్టు నీది, కాశీరాం. తూకం కులానిది" అన్నాడు బసవయ్య, పంచె మడిచి కూర్చుంటూ. "తెలుగు తిట్లకు మా తాత కాలంల కట్టు కట్టిన్రు. ఉర్దూ తిట్లకు మా అయ్య కాలంల కట్టిన్రు. గీ ఇంగ్లీషుది ఇదే మొదాలు. ఇయ్యాల మనం ఎట్ల కడితే ముందటోళ్లు గట్లనే నడుస్తరు. తొందర పనికిరాదు."

"అయిదు దినాలల్ల నారు ముదురుతది తాతా!"

"ధర్మం కంటె నారు ఎక్కువనా?"

కాశీరాం భక్తుడు. ధర్మం పేరెత్తితే అతని నోరు కట్టుబడిపోతుంది. ఈ సంగతి బసవయ్యకు బాగా తెలుసు.

ఇంగ్లీషు తెలిసినవాడు ఎవరని విచారిస్తే హన్మండ్లు పేరు వచ్చింది. పెద్ద యుద్ధం నాడు సర్కారు ఫౌజు వెంట బస్రా పోయి కంచరగాడిదలను తోలి వచ్చినవాడు. అతనికి ఇంగ్లీషు మాటలు నాలుగు వచ్చు. నాలుగూ కంచరగాడిదలతో మాట్లాడేవే. హన్మండ్లు ఆ మాటను రెండుసార్లు నాలుక మీద వేసుకుని చప్పరించాడు.

"డన్స్... డన్స్... ఆఁ, బస్రాల దొరలు అనంగ ఇన్న."

"ఎవరిని అనంగ ఇన్నవు?"

"నన్నే."

"మరి అప్పుడు ఎవరిని తాకింది?"

"గప్పుడు కంచరగాడిద నన్ను తంతుండె. ఏది ఎక్కడ తాకిందో ఎట్ల ఎరుకైతది?"

బసవయ్య తల ఊపాడు. "చెట్టు వేరు చూడంది మందు ఇయ్యరు. మాట వేరు చూడంది తూకం ఏయం. వేరు దొరికేదాక గడప బంద్."

మర్నాడు పొద్దున పాలచెంబు చేతబట్టుకుని వాకిట్లో నిలబడింది కాశీరాం భార్య కనకవ్వ. ఓవర్సీరు ఇంటికి పాలు పోసేది ఆమె బర్రెనే.

"ఇప్పుడు గీ పాలేం జెయ్యాలె? గా సావిత్రమ్మ కాఫీకి నీళ్లు పెట్టుకోని ఎదురు సూస్తుంటది."

"పంపొద్దట."

"తిట్టింది మొగోడు. ఏం తిట్టని ఆడిదానికి ఎందుకు ఈ బాధ? నీ కులపెద్దకు పాలు పిండుడు ఎరుకనా, తిట్లు పిండుడే ఎరుకనా?"

కాశీరాం కండువా దులుపుకుని బంగళా దారి పట్టాడు.

పాలు ఆగిన సంగతి విని, ఎందుకైనా మంచిదని చాకలి బట్టలు వేయలేదు. మంగలి ఒక చెంప గీసి, వీధిలో ఎవరో ఏదో చెప్పగానే పొది సర్దుకుని వెళ్లిపోయాడు. కాఫీ లేక, ఒక చెంప మీద సబ్బు ఎండిపోతూ రామబ్రహ్మం బల్ల ముందు కూర్చుని ఉన్న వేళకు, కాశీరాం బంగళా గేటు బయట నిలబడి పిలిచాడు.

"దొరా! కాయితాలు వచ్చినయా?"

"వచ్చాయి! లోపలికి రా!"

"రాలేను దొరా."

"ఏం, కాళ్లు లేవా?"

"కాళ్లున్నయి. తూకం కాలె."

"ఏం తూకం?"

"తమరు నిన్న అన్నరు గద, గా మాట. దాన్ని తూకం ఏస్తుండ్రు. జర కాయితమే ఇటు అందిస్తే..."

"ఆఫీసు కాగితం గుమ్మం దాటదు! నా బల్ల మీద, నా కళ్ల ముందర సంతకం పెట్టాలి. అది రూలు!"

అటు కులం గడప, ఇటు సర్కారు గుమ్మం. నడుమ కాశీరాం. వెనక కాలువలో నీళ్లు నవ్వుకుంటూ బీర్కూర్ వైపు పోతున్నాయి. ‘రామచంద్రా, గడపలు నువ్వు పెట్టించినవా, మేమే పెట్టుకున్నమా?’ అని కాశీరాం మనసులో ఒకసారి అడిగి చూశాడు.

రామబ్రహ్మం ఆలోచన వేరే దారి పట్టింది. ఏడాదిగా పట్నంలో సత్యాగ్రహాల మాట వినబడుతోంది. పాలు బంద్, చాకలి బంద్, మంగలి సగం బంద్, రైతు గేటు బయట నిలబడి లోపలికి రానంటున్నాడు. ఆ మధ్యాహ్నమే అతను పైవాళ్లకు ఒక చీటీ రాశాడు, బాన్సువాడలో రైతులు కట్టుగా ఉన్నారని, కారణం తెలియదని, కాఫీ కూడా అందడం లేదని.

శుక్రవారం పొద్దున గౌరీబాయి పదిమందితో మడి దగ్గరకు వచ్చింది. మడి నోరు తెరుచుకుని ఉంది.

"ఏందన్నా ఇది? దేంట్ల నాటాలె, దుమ్ములనా?"

కాశీరాం జరిగిందంతా చెప్పాడు. గౌరీబాయి చేతిగాజులు మోచేతి దాకా లాక్కుని నడుము మీద చెయ్యి పెట్టింది.

"ఒక్క తిట్టుకు ఇంత లొల్లా? మా అత్త పొద్దుగాల లేస్తే నాలుగు తిడతది, పడుకునేటప్పుడు ఆరు తిడతది. అవన్ని తూకం ఏస్తే మా తండల తక్కెళ్లు సరిపోవు."

"నాకు ఎరుకనే అక్కా. నా చేతుల లేదు."

"ఆదివారం దాక ఆగుత. సోమారం మొబ్బుల, తెల్లారకముందే బీర్కూర్ పోతం. ఆడ నీళ్లున్నయి, తిట్లు లేవు."

ఆడవాళ్లు నవ్వుకుంటూ వెళ్లిపోయారు. కాశీరాం నారుమడి గట్టు మీద కూలబడ్డాడు. నారు కొసలు అప్పుడే పసుపు తిరుగుతున్నాయి. చేత్తో ఒకసారి నిమిరాడు. బిడ్డకు జ్వరం వస్తే నుదురు నిమిరినట్టు ఉంది.

ఇంటికి వచ్చేసరికి వాకిట్లో ఇద్దరు జవాన్లు, అరుగు మీద పోలీసు అమీను.

"కాశీరాం నువ్వేనా? సత్యాగ్రహం నడుపుతున్నవట?"

"అయ్యో సాబ్! నేను నాటు నడుపుదామనుకుంటున్న. అదే నడుస్తలేదు."

"మరి ఈ హంగామా ఏంది? పాలెందుకు బంద్? ఓవర్సీరు సాబు సగం గడ్డంతోని ఎందుకున్నడు?"

జనం మూగారు. నర్సింలు ముందుకొచ్చి, మూడు రోజుల్లో బాగా సానపట్టిన గొంతుతో, "సాబ్, మా బావను ఆయన డన్స్ అన్నడు. డన్స్! అందరి ముందట డన్స్!" అని విన్నవించాడు.

అమీను జేబులోంచి కాగితం తీసి ఆ మాట ఉర్దూలో రాసుకున్నాడు. రాసి ఆగాడు. "దీని మతలబ్ ఏంది?"

అందరూ హన్మండ్లు వైపు చూశారు.

"ఎవరికీ తెల్వదా? మతలబ్ తెల్వని మాట మీద ఊరంతా లేచిందని రిపోర్టు ఎట్ల రాయాలె? పైవాళ్లు ముందు నన్ను తిడతరు!"

"తిడితే మా దగ్గరికి రాండ్రి సాబ్, తూకం ఏస్తం" అన్నాడు హన్మండ్లు, నిజంగా సాయం చేద్దామనే.

అమీను అతనికేసి ఒక క్షణం చూసి, రేపు పొద్దున అందరూ ఓవర్సీరు ముందర హాజరు కావాలని హుకుం ఇచ్చాడు. గడప సంగతి బసవయ్య లేవదీశాడు. కుర్చీ బల్ల కాలువ గట్టు మీద వేయిస్తే గట్టుకు గడప లేదు కనుక దోషం లేదని తనే తేల్చాడు. కాశీరాం ఆ మాట విని తల పట్టుకున్నాడు. కుర్చీ జరిపితే తీరే చిక్కు అయితే గురువారమే జరపమంటే పోయేది కదా!

శనివారం కాలువ గట్టు మీద బల్ల వేశారు. రామబ్రహ్మం ఒక చెంప నున్నగా, ఒక చెంప గరుకుగా కూర్చున్నాడు. అమీను కలం విప్పాడు.

"ఆ మాటకు అర్థం ఏంది సాబ్?"

"మందబుద్ధి అని. అంతే!"

"అది ఆకు" అన్నాడు బసవయ్య. "మాకు వేరు కావాలె. మాట ఏడికెల్లి పుట్టింది?"

రామబ్రహ్మం తడబడ్డాడు. "ఎక్కడ పుట్టిందో నాకేం తెలుసు? మా ఇంగ్లీషు మాస్టారు ఆరేళ్లు నన్ను అన్నారు. అలా వచ్చేసింది."

జనంలో నవ్వు పుట్టింది. రామబ్రహ్మం భార్య సావిత్రమ్మ బంగళా తలుపు చాటు నుంచి గట్టు మీదికి వచ్చింది. ఆమె చేతిలో ఇటుకంత పుస్తకం ఉంది.

"ఏమండీ, నిఘంటువు ఉందిగా. మీరు మధ్యాహ్నం తలకింద పెట్టుకుంటారే, అది."

రామబ్రహ్మం అద్దాలు వెతుక్కుంటూ ఉండగానే ఆమె పేజీ తీసింది. పెళ్లికి ముందు మూడో ఫారం దాకా చదివిన మనిషి. వేలు పెట్టి ఒక్కొక్క ముక్కా చదువుతూ తెలుగులో చెప్పింది.

"ఆరువందల ఏళ్ల కిందట స్కాట్లాండు అనే దేశంలో డన్స్ అనే ఊరు ఉండేదట. ఆ ఊరి మనిషి ఒకాయన సన్యాసం పుచ్చుకుని గొప్ప పండితుడయ్యాడట. ఊరి పేరే ఆయనకు ఇంటిపేరులా నిలిచింది. దేవుణ్ణి గురించి ఆయన రాసినంత సూక్ష్మంగా ఆ కాలంలో ఎవరూ రాయలేదట."

"మరి తిట్టెట్లయింది అమ్మా?" అన్నాడు కాశీరాం. నాలుగు రోజుల్లో మొదటిసారి అతనికి నారు కాక ఇంకొకటి తోచింది.

"ఆయన పోయిన రెండువందల ఏళ్లకు కొత్త చదువులు వచ్చాయట. ఆయన శిష్యులు పాత పాఠం వదిలేది లేదన్నారు. కొత్తవాళ్లు వాళ్లను వెక్కిరించడానికి గురువుగారి పేరే పెట్టి పిలిచారు. అట్లా అట్లా ఏమీ తెలియనివాణ్ణల్లా ఆ పేరుతో పిలవడం అలవాటైందట."

కాశీరాం తలగుడ్డ తీసి చేత పట్టుకున్నాడు.

"జన్మంత దేవుని ధ్యానంల ఉన్నాయన పేరు చివరికి గిట్లయిందా?" అన్నాడు కాశీరాం మెల్లగా. "ఆయన తప్పేం లేకపాయె. శిష్యుల తప్పన్న ఉన్నదో లేదో. పాత పాఠం ఇడువనోడు మూర్ఖుడని ఎవరు తూకం ఏసిన్రో!"

సావిత్రమ్మ నిఘంటువు మూసింది.

బసవయ్య గొంతు సవరించుకున్నాడు. తూకం తేలింది.

"మాట కాశీరాంను తాకలె. వాని తల్లిదండ్రులను తాకలె. గురువును తాకింది. దేశం ఏదైతేంది, గురువు గురువే."

నర్సింలు చప్పట్లు కొట్టాడు. "అయితె ఓవర్సీరుది పెద్ద తప్పే! ఒకదినం సేవ!"

"ఓవర్సీరుది ఒక్కనిదేనారా?" అన్నాడు బసవయ్య. "గురువు పేరు తిట్టుగ పలికినోళ్లందరిది. బుధారం సంది నువ్వు ఎన్నిసార్లు పలికినవు?"

నర్సింలు చప్పట్లు మధ్యలో ఆగిపోయాయి. వేళ్లు ముడిచి లెక్క చూసుకున్నాడు. చేతి వేళ్లు చాలలేదు. హన్మండ్లు నెమ్మదిగా జనం వెనక్కు జరిగాడు. అరుగు మీద ఆ మాటను చప్పరించనివాడు అక్కడ ఒక్కడు లేడు. బసవయ్య నీతి గల మనిషి. "నేను ఏడుసార్లు అన్న" అని ఒప్పుకున్నాడు.

"నేను అనలేదు. రాసిన, అంతే" అన్నాడు అమీను.

"రాసుడు అంటె ఇంక పెద్దది సాబ్. అన్నది గాలికి పోతది, రాసింది ఉంటది" అన్నాడు బసవయ్య.

అమీనుకు మద్నూర్‌లో ఉన్న ఒక అర్జెంటు కేసు ఆ క్షణానే గుర్తుకు వచ్చింది. ఆ కాగితం నాలుగు మడతలు పెట్టి, జవాన్లను పిలుచుకుని వెళ్లిపోయాడు.

ఇక మిగిలింది సేవ ఎవరికి చేయాలన్నది. గురువు లేడు, ఆయనకు వారసులు ఎవరూ బాన్సువాడలో కాపురం లేరు. బసవయ్య కళ్లు మూసుకుని తాతల నాటి కట్టు తలుచుకున్నాడు. "గురువు లేనప్పుడు, ఆ పేరు మోసినోని ఇంట్ల చెయ్యాలె. పేరు కాశీరాం మోసిండు. చెప్పు కాశీరాం, నీ ఇంట్ల ఏం పని ఉన్నది?"

కాశీరాం తన మడి వైపు చూశాడు. "నాటున్నది తాతా" అన్నాడు.

"నేను గవర్నమెంటు ఆఫీసర్ని!" అని లేచాడు రామబ్రహ్మం.

"మొదట అన్నది మీరేగా" అంది సావిత్రమ్మ. గట్టు చివర కనకవ్వ పాలచెంబుతో నిలబడి ఉంది. సావిత్రమ్మ అటు చూసింది. రామబ్రహ్మం కూడా అటు చూశాడు. మూడు రోజుల కాఫీ అతని కళ్లలో కదిలింది. బల్ల మీద కొత్త కాగితం పరిచి, కాశీరాం కలం అందుకోకముందే పై గడిలో నంబరు తనే వేసేశాడు. సాయంత్రానికి తూము లేచింది. నీళ్లు మడిలోకి వస్తుంటే కాశీరాం గట్టు వెంట వాటితోపాటు నడిచాడు.

రాత్రికి కనకవ్వ అడిగింది, "సేవకు వచ్చేటోళ్లకు అన్నం ఎవరు పెట్టాలె?"

"ఇంటోళ్లే పెట్టాలెనట. అది కూడ కట్టేనట."

"ఎంతమంది?"

"పదిహేడు."

"వాళ్లు చేసేది సేవ, నాకు అయ్యేది దండుగ!" అని ఆమె రోకలి అందుకుంది.

ఆదివారం పొద్దు పొడవగానే పదిహేడుమంది మగవాళ్లు పంచెలు ఎగ్గట్టి మడిలో దిగారు. వాళ్లలో ఒక్కడూ అంతవరకు నాటు వేసినవాడు కాడు. ఆ ఊళ్లో నాటు ఆడవాళ్ల పని. రామబ్రహ్మం ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, నారుకట్టను ఫైలు పట్టుకున్నట్టు చంకలో పెట్టుకున్నాడు. గౌరీబాయి తన పదిమందిని గట్టు మీద వరుసగా కూర్చోబెట్టింది.

"ఇయ్యాల మాకు పని లేదట. జాతర సూసి పోతం."

"నవ్వకు గౌరీబాయీ, ఇది ధర్మం" అన్నాడు బసవయ్య, ఒక కాలు బురదలోంచి పెరుక్కుంటూ.

"ధర్మమే తాతా. గని గట్ల గుంజలు పాతినట్టు పాతొద్దు, వరి అది. ఓ నర్సింలన్నా! నాలుగు దినాలు వేరు ఏదీ వేరు ఏదీ అని ఊరంత తిరిగినవట. వేరు కిందికి ఉండాలెనని ఎవరు చెప్పలేదా?"

నర్సింలు చేతిలోని మొక్కను తిప్పి చూసుకున్నాడు. అప్పటికి అతను అర వరుస నాటాడు. అది చూసి రామబ్రహ్మం నోరు తెరిచి, "డ—" అని, బసవయ్య చూపు తగిలి చప్పున నోరు మూసుకున్నాడు. ఇంకొక దినం సేవ చేసే నడుము అతనికి లేదు.

పొద్దు గూకేసరికి మడి నిండింది. వరుసలు మొదట కాలువ వైపు పోయి, మధ్యలో మనసు మార్చుకుని చింతచెట్టు వైపు తిరిగాయి. కొన్ని మొక్కలు నిలబడ్డాయి, కొన్ని పడుకున్నాయి, కొన్ని నీళ్ల మీద తేలుతూ ఎటైనా పోదామని చూస్తున్నాయి. పెద్దమనుషులు నడుములు పట్టుకుని గట్టెక్కి, వెనక్కు తిరిగి ఒకసారి తృప్తిగా చూసుకున్నారు.

"కట్టు నిలబడ్డది, కాశీరాం" అన్నాడు బసవయ్య. అతని కళ్లలో నీళ్లు ఉన్నాయి. భక్తి వల్లనో నడుమునొప్పి వల్లనో చెప్పడం కష్టం.

కాశీరాం అందరికీ చేతులెత్తి మొక్కాడు. కడుపునిండా అన్నం పెట్టించి సాగనంపాడు. ఆ తర్వాత ఒక్కడే తండాకు నడిచాడు.

సోమవారం తెల్లవారకముందే గౌరీబాయి పదిమందితో మడిలో దిగి, ధర్మం నాటినదంతా పీకి, వరి నాటింది.